డాక్ కొనేటప్పుడు చిప్ పేరు ఆఖరున అడగండి

డాక్ అంటే టీవీ, ఫోను, కంప్యూటర్ అంకెల రూపంలో పంపే పాటను యాంప్లిఫయర్‌కి అందే వోల్టేజీగా మార్చే చిన్న పెట్టె. ఇంట్లో పాటల కోసం అది కొందామనుకునేవాళ్ళు మొట్టమొదట అడిగేది "లోపల ఏ చిప్ ఉంది?" అని. అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న అని నా గట్టి నమ్మకం. దక్షిణ ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి దాకా, గుణుపురం నుంచి జయపురం దాకా మన ఇళ్ళల్లో పాట చెడేది చిప్ దగ్గర కాదు. టీవీ నుంచి వచ్చే వైరు దగ్గర చెడుతుంది. యాంప్లిఫయర్‌కి వెళ్ళే వోల్టేజీ దగ్గర, గోడ ప్లగ్గులో పెట్టిన అడాప్టర్ దగ్గర, కరెంటు పోయి తిరిగొచ్చే ఆ రెండు సెకన్ల దగ్గర చెడుతుంది. డబ్బు పెట్టాల్సిన చోట్లు అవి. అట్టపెట్టె మీద వాటి గురించి ఒక్క ముక్క ఉండదు కాబట్టి కొనేవాళ్ళం మనమే అడిగి తెలుసుకోవాలి.

ముందు చిప్ మీది మోజుకు లెక్కతో జవాబు చెబుతాను. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ పీసీఎం5102ఏ అనే చిప్ చాలా చవక డాక్ బోర్డుల్లో కనిపిస్తుంది. డేటాషీట్ ప్రకారం పాటకీ బుసకీ మధ్య దూరం 112 డెసిబెల్స్, అవుట్‌పుట్ 2.1 వోల్టులు. 2 వోల్టులకు 112 డెసిబెల్స్ కింద అంటే బుస 5 మైక్రోవోల్టులు. మామూలు పవర్ యాంప్లిఫయర్ దాన్ని 20 రెట్లు పెంచి 100 మైక్రోవోల్టులు చేస్తుంది. 2.83 వోల్టులకు మీటరు దూరంలో 90 డెసిబెల్స్ మోగే స్పీకరుకి అది అందితే వచ్చే చప్పుడు సుమారు 1 డెసిబెల్. పోనీ ఇంతకంటే నాసిది, 95 డెసిబెల్స్ డాక్ తీసుకోండి. అదే లెక్కన బుస 18 డెసిబెల్స్‌కి చేరుతుంది. సీలింగ్ ఫ్యాన్ తిరిగే హాల్లో ఎవరూ మాట్లాడకపోయినా చప్పుడు 40 డెసిబెల్స్ అటూ ఇటూ ఉంటుంది. 1 అయినా 18 అయినా ఆ ఫ్యాను గాలి కింద పడి వినపడకుండా పోయేవే. 125 డెసిబెల్స్ చిప్ కోసం నాలుగింతలు పోయడం ఎందుకో ఈ లెక్క చూశాక మీరే చెప్పండి. మినహాయింపు ఒక్కటుంది. చెవిలోకి దూర్చుకునే ఇయర్‌ఫోన్లు కొన్ని చాలా సున్నితం, వాటిలో బుస తెలుస్తుంది. స్పీకర్లతో వినేవాళ్ళకి ఆ బాధ లేదు.

ఇంకో సాక్ష్యం 2020 అక్టోబరు నాటిది. జపాన్‌లోని నొబెయోకాలో అసాహి కాసే వాళ్ళ ఏకేఎం చిప్‌ల ఫ్యాక్టరీ తగలబడింది. ఆ చిప్‌లు దొరక్క చాలా డాక్ కంపెనీలు తమ మోడళ్ళను వేరే కంపెనీ చిప్‌లతో మళ్ళీ డిజైన్ చేసి, పేరు చివర ఒకటి రెండు అక్షరాలు మార్చి అమ్మాయి. చిప్ ఒక్కటే సర్వస్వమైతే ఆ పని అంత తేలిగ్గా సాగేది కాదు. దాని చుట్టూ ఉన్న పవర్ సప్లయి, క్లాకు, అవుట్‌పుట్ సర్క్యూట్, ఇన్‌పుట్లు సరిగ్గా ఉన్నాయి కాబట్టి సాగింది.

ఇక అసలు విషయం. మన హాల్లో డాక్‌కి ఎక్కువ పని పెట్టేది టీవీ. పొద్దున ఒడియా వార్తలు, సాయంత్రం తెలుగు పాటలు, రాత్రి సినిమా, అన్నీ ఆ తెర మీంచే. అందుకని డాక్‌కి ఉండాల్సిన మొదటి గుణం మంచి ఆప్టికల్ ఇన్‌పుట్. 1983లో తోషిబా తెచ్చిన ఈ పద్ధతిలో పాట ఎర్ర వెలుతురుగా ప్లాస్టిక్ తీగలో ప్రయాణిస్తుంది. రాగి ఎక్కడా తగలదు. ఆ తగలకపోవడమే మనకి కావలసింది. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

డిష్ వైరు పై తొడుగు మేడ మీద ఇనప రాడ్డుకి తగులుతూ ఉంటుంది. అది ఒక ఎర్త్. యాంప్లిఫయర్ మూడో పిన్ను గోడలోని ఎర్త్‌కి వెళుతుంది. అది ఇంకో ఎర్త్. ఈ రెండింటి మధ్య వోల్టేజీ ఎప్పుడూ ఒకటిగా ఉండదు. సెట్ టాప్ బాక్సు, టీవీ, డాక్, యాంప్లిఫయర్ అన్నీ రాగి వైర్లతో కలిపారంటే ఆ తేడా కరెంటు ఆడియో వైరు తొడుగు గుండా పారుతుంది, స్పీకర్లో గూ మని 50 హెర్ట్జ్ మోత వస్తుంది. చాలామంది దీన్ని డాక్ లోపం అనుకుని తిరిగి పంపేస్తారు. కొందరు యాంప్లిఫయర్ ప్లగ్గులో మూడో పిన్ను విరిచేస్తారు. ఆ పని చేయకండి. మోత తగ్గవచ్చు, కానీ లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ చెడిన రోజున పెట్టె మొత్తం షాక్ కొడుతుంది.

మోత ఎక్కడిదో కనుక్కోవడం పది నిమిషాల పని. యాంప్లిఫయర్‌కి అన్ని ఇన్‌పుట్లూ పీకేసి ఆన్ చేయండి. మోత ఉంటే లోపం అక్కడే. లేదంటే డాక్ ఒక్కటే తగిలించండి, దానికి ఏ ఇన్‌పుట్టూ పెట్టకుండా. ఇంకా నిశ్శబ్దమైతే టీవీ వైరు పెట్టండి. ఇప్పుడు మోత మొదలైతే సెట్ టాప్ బాక్సు వెనక డిష్ వైరు విప్పి చూడండి. ఆగిపోయిందా, దొంగ దొరికినట్టే. టీవీ నుంచి డాక్‌కి రాగి వైరు తీసేసి ఆప్టికల్ పెడితే ఆ దారి తెగిపోతుంది. దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో కాలబైశాఖి గాలివానకు పిడుగు పడినప్పుడు డిష్ వైరు మీంచి వచ్చే దెబ్బ టీవీ దగ్గర ఆగుతుంది, ఆప్టికల్ తీగ దాటి డాక్‌కి రాదు. అలాగని ప్లగ్గు పీకడం మానకండి, కరెంటు వైరు దారి తెరిచే ఉంటుంది.

ఆప్టికల్‌తో వచ్చే తికమక ఒకటుంది. యూట్యూబ్ పాడుతుంది, ఓటీటీలో సినిమా పెడితే డాక్ మూగబోతుంది, లేదా బుస్‌మని గోల చేస్తుంది. యూట్యూబ్ పాట మామూలు స్టీరియోగా వస్తుంది, ఆ సినిమా డాల్బీ డిజిటల్‌గా వస్తుంది. స్టీరియో డాక్‌లలో చాలావాటికి డాల్బీ విప్పడం రాదు. టీవీ సెట్టింగుల్లో సౌండ్ కిందికి వెళ్ళి డిజిటల్ ఆడియో అవుట్ అన్నచోట ఆటో, బిట్‌స్ట్రీమ్, పాస్‌త్రూ ఏదున్నా మార్చి పీసీఎం, అంటే మామూలు స్టీరియో, పెట్టండి. సెట్ టాప్ బాక్సులో కూడా అదే సెట్టింగ్ విడిగా ఉంటుంది, దాన్నీ మార్చాలి. డాల్బీ డీకోడర్ ఉన్న డాక్ దొరికితే మంచిదే, దానికోసం అదనంగా ఎక్కువ ఇవ్వక్కర్లేదు.

తీగ విషయంలో జాగ్రత్త ఉండాలి. 5 మీటర్ల లోపు ఉంటే నిశ్చింత. గోడ మూల దగ్గర మడత పెట్టి మేకు కొడితే ప్లాస్టిక్ లోపల చిట్లి పాట మధ్యమధ్య తెగుతుంది. అరచేతి వెడల్పు గుండ్రంగా తిప్పండి. ఒక కొస టీవీకి పెట్టి రెండో కొసను అరచేతి మీద పెడితే ఎర్ర చుక్క పడాలి. చుక్క మసకగా ఉంటే తీగ అయిపోయినట్టే.

కొత్త టీవీల్లో ఆప్టికల్ సాకెట్ తీసేస్తున్నవి కొన్ని ఉన్నాయి. అందుకని హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ ఇన్‌పుట్ (హెచ్‌డీఎంఐ వైరు గుండానే టీవీ తన శబ్దాన్ని బయటికి పంపే దారి) కూడా ఉన్న డాక్ అయితే నేను దానికే ఓటేస్తాను. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన పద్ధతి ఇది. టీవీ రిమోట్‌తోనే డాక్ వాల్యూమ్ మారుతుంది, టీవీ ఆన్ చేస్తే డాక్ తానే లేస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళ చేతికి రెండు రిమోట్లు ఇవ్వనక్కర్లేదు, ఈ ఒక్క సుఖం నాలుగు చిప్‌ల పెట్టు. కానీ అది రాగి వైరు, పైన చెప్పిన గూ మోత దాని గుండా మళ్ళీ రావచ్చు. రెండు సాకెట్లూ ఉంటే మోత లేని ఇంట్లో ఏఆర్‌సీ, మోత ఉన్న ఇంట్లో ఆప్టికల్ వాడుకోవచ్చు.

కంప్యూటర్‌తో వినేవాళ్ళకి యూఎస్‌బీ కావాలి. అందులో అసింక్రనస్ అనే మాట ఉందో లేదో చూడండి. అంటే పాట నడక కంప్యూటర్ గడియారం చేతిలో కాకుండా డాక్ లోపలి క్లాకు చేతిలో ఉంటుంది. మంచి డాక్‌లలో రెండు క్రిస్టల్ క్లాకులుంటాయి. 44.1 కిలోహెర్ట్జ్ (పాటను సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాసినవి, ఒక్కో కొలత ఒక శాంపిల్) కుటుంబానికి 22.5792 మెగాహెర్ట్జ్, 48 కుటుంబానికి 24.576. సీడీ పాటలు మొదటి దానివి, వీడియోల శబ్దం రెండోదానిది. విండోస్ 10లో 2017 నాటి 1703 వెర్షన్ నుంచి యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 (యూఎస్‌బీ మీద పాట పంపే కొత్త పద్ధతి) డాక్‌లకు విడిగా డ్రైవర్ అక్కర్లేదు.

ఇక్కడ ఎవరూ పట్టించుకోని గుణం ఒకటి చెబుతాను, దానికి ముందరి పాత పద్ధతి అయిన క్లాస్ 1 మోడ్. స్పెసిఫికేషన్లలో దీన్ని పాతకాలపు వస్తువులా చిన్నచూపు చూస్తారు, 24 బిట్లు 96 కిలోహెర్ట్జ్ దాటదు కాబట్టి. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే స్పీకర్లో మోత వచ్చే ఇళ్ళల్లో యూఎస్‌బీ ఐసోలేటర్ అనే, రెండు వైపుల రాగి దారిని విడదీసే చిన్న ముక్క మధ్యలో పెడితే మోత పోతుంది. చవకగా దొరికేవి సెకనుకు 12 మెగాబిట్ల వేగం దాకే పనిచేస్తాయి. క్లాస్ 2 డాక్‌కి 480 మెగాబిట్ల వేగం కావాలి కాబట్టి వాటితో అది చాలాసార్లు సరిగ్గా పనిచేయదు. క్లాస్ 1 మోడ్‌కి మారే స్విచ్ ఉంటే ఆ చవక ఐసోలేటర్‌తోనే పనైపోతుంది. 96 కిలోహెర్ట్జ్ మన పాటలకు ఎక్కువే తప్ప తక్కువ కాదు.

డాక్ ముఖం మీద వస్తున్న పాట రేటు చూపే అంకెలో, దీపాలో ఉండాలి. అలంకారానికి కాదు. సీడీ పాట పెట్టినా ఎప్పుడూ 48 అనే చూపిస్తుంటే ఫోను మధ్యలో రేటు మారుస్తోందని అర్థం. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది మామూలే. ఆండ్రాయిడ్ 14 నుంచి యూఎస్‌బీకి ఉన్నదున్నట్టు పంపే వీలు వచ్చింది, యాప్ కూడా దానికి తగ్గట్టు ఉండాలి. ఈ మార్పు చెవికి తెలియడం కష్టం, కానీ ఏదో తప్పు జరిగినప్పుడు ఎక్కడ వెతకాలో ఆ అంకె చెబుతుంది.

అవుట్‌పుట్ వోల్టేజీ గురించి ఎంత చెప్పినా తక్కువే. డాక్ ఎరుపు తెలుపు పిన్నుల నుంచి 2 వోల్టులు ఇస్తుంది. మన ఇళ్ళల్లో ఉన్న పాత యాంప్లిఫయర్లు, ఊళ్ళో షాపులో అసెంబుల్ చేయించినవి, 200 నుంచి 500 మిల్లీవోల్టులకే పూర్తిగా మోగేలా కట్టినవి. ఫలితంగా వాల్యూమ్ నాబ్ ఎనిమిది గంటల దగ్గరకి తిప్పేసరికే ఇల్లు అదిరిపోతుంది. చవక నాబులు ఆ అడుగు భాగంలో రెండు వైపులా సమానంగా పెరగవు, పాట ఒక స్పీకర్ వైపు ఒరుగుతుంది. "కొత్త డాక్ పెట్టాక గొంతు పక్కకి జరిగింది" అంటారు. తప్పు డాక్‌దీ కాదు, పాటదీ కాదు. అందుకే 2 వోల్టులు, 1 వోల్టు, అర వోల్టు అని మార్చుకునే స్విచ్ ఉన్న డాక్ వెతకండి.

స్విచ్ లేకపోతే పాతిక రూపాయల లోపు రెసిస్టర్లతో చేసుకోవచ్చు. ఒక్కో ఛానల్‌కి 6.8 కిలో ఓమ్ ఒకటి, 2.2 కిలో ఓమ్ ఒకటి, పావు వాటు, ఒక శాతం మెటల్ ఫిల్మ్ రకం. యాంప్లిఫయర్ వైపు పిన్ను తొడుగు విప్పండి. లోపలి తీగను పిన్ను నుంచి విడదీసి మధ్యలో 6.8 పెట్టండి. పిన్నుకీ బయటి తొడుగుకీ మధ్య 2.2 పెట్టండి. 47 కిలో ఓమ్ ఇన్‌పుట్ ఉన్న యాంప్లిఫయర్‌తో కలిపి చూస్తే 12.5 డెసిబెల్స్ తగ్గుతుంది, అంటే 2 వోల్టులు అర వోల్టుకి కాస్త కిందికి వస్తాయి. మామూలుగా జరిగే పొరపాటు 2.2ను తీగ వైపు, అంటే 6.8కి ముందు అతికించడం. అప్పుడు తగ్గేది 1 డెసిబెల్ చిల్లరే, పైగా డాక్ మీద అనవసరంగా బరువు పడుతుంది. డాక్ వైపు పిన్నులో కాకుండా యాంప్లిఫయర్ వైపు పెట్టమనడానికి కారణం, పొడవాటి తీగ మీద బయటి మోత ఎక్కినా సిగ్నల్‌తో పాటు అదీ తగ్గుతుంది. ఎరుపు తెలుపు రెండింటిలో ఒకే విలువలు వాడాలి, 2.2కి బదులు ఒకవైపు చేతికందిన 2.7 పెడితే గొంతు మళ్ళీ పక్కకి పోతుంది.

ఆప్టికల్ పెడితే చాలా టీవీల వాల్యూమ్ బటన్ పనిచేయదని చాలామందికి తెచ్చాకగానీ తెలియదు. అవి ఎప్పుడూ పూర్తి స్థాయిలోనే పంపుతాయి. కనుక డాక్‌కి సొంత రిమోట్, అర డెసిబెల్ మెట్లతో వాల్యూమ్ తప్పనిసరి. డిజిటల్ వాల్యూమ్ పాట నాణ్యత తినేస్తుందన్న భయం పాతది. 16 బిట్ల పాటను 24 బిట్ల దారిలో నడిపితే 8 బిట్ల జాగా మిగులుతుంది, ఒక్కో బిట్‌కి 6 డెసిబెల్స్ చొప్పున 48 డెసిబెల్స్ తగ్గించేదాకా అసలు పాటలో ఒక్క బిట్ కూడా పోదు. అంతకు మించి తగ్గించాల్సి వస్తోందంటే పైన చెప్పిన రెసిస్టర్లు పెట్టుకోవలసిన ఇల్లు మీది.

వాల్యూమ్‌తో ముడిపడిన ఇంకో సంగతి. ఈమధ్య సినిమా పాటలు అంకెల పైకప్పుకి, అంటే రాయగలిగే అతిపెద్ద అంకెకి, తల తగిలేంత గట్టిగా మాస్టర్ చేస్తున్నారు. రెండు శాంపిళ్ళ మధ్య అసలు తరంగం ఆ కప్పు దాటి పైకి లేస్తుంది. డాక్‌లో పైన 2, 3 డెసిబెల్స్ జాగా వదలకపోతే అక్కడ తరంగం నెత్తి తెగి, తాళాల మోత గరగరలాడుతుంది. ఆ జాగా ఉన్న డాక్ మేలు. లేకపోతే పాట ప్లేయర్లో వాల్యూమ్ 3 డెసిబెల్స్ తగ్గించి పెట్టండి, గరగర పోతే కారణం అదే.

కరెంటు దగ్గరికి వద్దాం. లీనియర్ పవర్ సప్లయి అని ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పెట్టెను గొప్పగా అమ్ముతారు. వోల్టేజీ నిలకడగా ఉన్న ఇంట్లో అది మంచిదే. లైన్ చివర ఉన్న ఊళ్ళల్లో సాయంత్రం మోటార్లు వేసే వేళకి 230 ఉండాల్సింది 160కి పడిందనుకోండి. 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ 230 దగ్గర 11.3 వోల్టుల డీసీ ఇస్తుంది. 160 దగ్గర 7.5 వోల్టులకు జారుతుంది. అర ఆంపియర్ లోడు, 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటే దాని మీద 2.3 వోల్టుల అల కూడా ఉంటుంది, అంటే ప్రతి అల అడుగునా 5.2 వోల్టులే. వెనకాల 5 వోల్టులు నిలకడగా ఇచ్చే 7805 రెగ్యులేటర్‌కి కనీసం 7 వోల్టులు కావాలి. అందనప్పుడల్లా 100 హెర్ట్జ్ మోత నేరుగా పాటలోకి దిగుతుంది. అదే వేళ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునే మామూలు ఎస్‌ఎంపీఎస్ అడాప్టర్ (ఫోను ఛార్జర్ లాంటి తేలికపాటి రకం) చలించదు. మనవైపు ఇళ్ళకి మంచి ఎస్‌ఎంపీఎస్ మేలని నిస్సంకోచంగా చెబుతాను.

మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? ట్రాన్సిస్టర్ రేడియోలో మీకు వినిపించే మీడియం వేవ్ స్టేషన్ పెట్టి, అడాప్టర్‌ను మీటరు దూరంలో ప్లగ్గులో పెట్టండి. రేడియో బర్రుమని స్టేషన్ మునిగిపోతే లోపల ఫిల్టర్ భాగాలు పెట్టకుండా డబ్బు మిగుల్చుకున్నారన్నమాట. ఇంతకంటే చవకైన పరీక్ష లేదు.

అడాప్టర్ పిన్ను ఊళ్ళో దొరికేదై ఉండాలి. 5.5 మిల్లీమీటర్ల బయటి కొలత, 2.1 లోపలి కొలత, మధ్యలో పాజిటివ్, 12 వోల్టులు. ఇది సీసీ కెమెరాలమ్మే షాపులో ఎప్పుడూ ఉంటుంది. 15 వోల్టుల ఏసీ అడాప్టర్ అడిగే డాక్‌లున్నాయి. అది కాలిపోతే వారాల తరబడి ఎదురుచూడాలి. అన్నిటికంటే నాకు నచ్చేది 5 వోల్టుల యూఎస్‌బీ సీ. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర దాటి గజపతి జిల్లా మీద పడినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ఫోను, హెడ్‌ఫోను, పవర్‌బ్యాంక్‌తో నడిచే డాక్ అలాంటి రోజుల్లో ఇంట్లోవాళ్ళకి పెద్ద ఊరట. అయితే సీ సాకెట్లో ఒక మోసం ఉంటుంది. ఛార్జర్‌ని కరెంటు అడిగే సీసీ అనే రెండు కాళ్ళకీ చెరో 5.1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టాలి. అవి పెట్టని డాక్‌కి రెండు వైపులా సీ ఉన్న వైరుతో కరెంటు రాదు, పాత వెడల్పాటి పిన్ను (యూఎస్‌బీ ఏ) ఛార్జర్‌తోనే వస్తుంది. కొన్న రోజునే రెండు రకాల వైర్లతోనూ పెట్టి చూడండి. డేటాకి ఒక సాకెట్, కరెంటుకి వేరే సాకెట్ ఉంటే ఇంకా మంచిది, ఫోను బ్యాటరీ తినదు.

కరెంటు పోయి రావడం గురించి కంపెనీవాళ్ళు ఆలోచించరు, మనకది రోజూ ఉన్నదే. మామూలుగా డాక్ ముందు ఆన్ చేసి యాంప్లిఫయర్ చివర ఆన్ చేయాలి, ఆపేటప్పుడు యాంప్లిఫయర్ ముందు ఆపాలి. కరెంటు పోయినప్పుడు ఈ వరస మన చేతిలో ఉండదు. రెండూ ఒకేసారి లేస్తాయి, డాక్ లోపలి వోల్టేజీలు కుదురుకునేలోపు స్పీకర్లో టప్ మని గట్టి దెబ్బ పడుతుంది, వూఫర్ కోన్ ముందుకి ఉలిక్కిపడుతుంది. రోజుకి నాలుగు సార్లు ఇలా జరిగితే స్పీకర్‌కి ఆయుష్షు తగ్గడమే. అవుట్‌పుట్ దగ్గర మ్యూట్ రిలే ఉన్న డాక్ రెండు మూడు సెకన్లు ఆగి, లోపల కుదురుకున్నాక 'టిక్' మని తలుపు తెరుస్తుంది. ఆ చిన్న టిక్ డాక్ పెట్టెలోంచి వినిపించాలి, స్పీకర్లోంచి కాదు. లేచాక అది పాత ఇన్‌పుట్‌కే రావాలి, పాత వాల్యూమ్‌కే రావాలి. కొన్ని డాక్‌లు కరెంటు రాగానే వాల్యూమ్ నిండుగా పెట్టుకుని లేస్తాయి. అలాంటి దాన్ని వాల్యూమ్ లేని పవర్ యాంప్లిఫయర్‌కి తగిలించడం ప్రమాదం. ఇంకొన్ని స్టాండ్‌బైలో పడుకుని రిమోట్ నొక్కేదాకా లేవవు, అది విసుగే తప్ప నష్టం కాదు.

ఇక నాకు అన్నిటికంటే కావలసింది, దాదాపు ఏ డాక్‌లోనూ దొరకనిది మోనో బటన్. 1960ల తెలుగు సినిమా పాటలు చాలావరకు మోనోలో రికార్డయినవే. వాటిని తర్వాత టేపు నుంచో ప్లేటు నుంచో రెండు ఛానళ్ళుగా ఎక్కించారు. గొంతు రెండింటిలోనూ ఒకటే, గీతల చిటపట, టేపు బుస మాత్రం రెండింటిలోనూ వేరువేరు. రెండూ కలిపేస్తే గొంతు పూర్తిగా కలుస్తుంది, బుస సగమే కలుస్తుంది. పాట బుస మీద 3 డెసిబెల్స్ పైకి లేస్తుంది. అంతేకాదు, టేపు ఒక అంచు అరిగి గొంతు అటూ ఇటూ ఊగే పాటలు కదలకుండా మధ్యలో నిలబడతాయి. ఒక చెవి సరిగా వినపడని పెద్దవాళ్ళు హెడ్‌ఫోన్‌లో పాట సగం కోల్పోకుండా వింటారు. బూటకపు స్టీరియోగా మార్చి అమ్మిన పాటలకు మాత్రం ఇది అన్నిసార్లూ కుదరదు, ఒక ఛానల్‌ను కాస్త ఆలస్యం చేసి ఉంటే కలిపినప్పుడు గొంతు డొల్లగా వినిపిస్తుంది. అప్పుడు ఒక్క ఛానల్‌నే రెండు స్పీకర్లకూ పంపాలి. చిప్‌లలో చాలావాటికి ఈ పని చేతనవును, బటన్ పెట్టడమే మిగిలింది. దాంతోపాటు 100 హెర్ట్జ్ దగ్గర, 10 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ అటూ ఇటూ జరిపే టోన్ కంట్రోల్ ఇస్తే పాత పాటల అభిమానులు తరతరాలు దాచుకునే వస్తువవుతుంది.

వాటికి బదులు మనకిచ్చేవేమిటి? 768 కిలోహెర్ట్జ్, డీఎస్‌డీ 512 అనే ఇంకో రకం అంకెల పాట, ఏడు రకాల ఫిల్టర్లు. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, నడివయసుకి ఇంకా కిందే. యూట్యూబ్ పాట 130 నుంచి 160 కిలోబిట్ల మధ్య వస్తుంది, దానికి ఏ డాక్ కొత్త ప్రాణం పోయలేదు. ఫార్మాట్ ముద్రలకి డబ్బిచ్చినవాళ్ళ సంగతి ఎంక్యూఏ అనే పాటల ఫార్మాట్ తేల్చింది. ఆ కంపెనీ 2023 ఏప్రిల్లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళి, ఆ సెప్టెంబరులో వేరేవాళ్ళ చేతికి పోయింది, 2024 జులైలో పాటల స్ట్రీమింగ్ సర్వీసు టైడల్ కూడా ఆ ఫార్మాట్‌ను వదిలేసింది. డాక్ మీద ఆ దీపం మాత్రం అలాగే ఉంది. బ్లూటూత్ ఉంటే సరే, చుట్టాలొచ్చినప్పుడు పనికొస్తుంది. హెడ్‌ఫోన్ సాకెట్ ఉంటే దాని అవుట్‌పుట్ ఇంపిడెన్స్ 2 ఓమ్‌ల లోపు ఉండాలి, హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతు దాటకూడదు. 32 ఓమ్‌ల దానికి 4 దాటితే బాస్ వదులుగా మారవచ్చు.

గోపాల్‌పూర్, ఛత్రపురం, బరంపురం వైపు ఉప్పుగాలికి సాకెట్లు త్వరగా మసకబారతాయి. ఒక ఛానల్ ఆగిపోవడం, పిన్ను ముట్టుకుంటే తిరిగి రావడం దాని గుర్తు. పిన్నును సాకెట్లో పెట్టే ఉంచి ఐదారు సార్లు అటూ ఇటూ తిప్పండి, చాలాసార్లు అంతే సరిపోతుంది. లేదంటే దూదిపుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి. తలుపు గడియలకి కొట్టే స్ప్రే వద్దు, నూనె పొర మిగిలి దుమ్ము పట్టుకుంటుంది. డబ్బా వెనక సాకెట్లు బోర్డుకి మాత్రమే అతికి ఉన్నాయా, మరతో డబ్బాకి కూడా బిగించారా అని చూడండి. బోర్డుకే ఉంటే నాలుగు సార్లు లాగేసరికి సోల్డరింగ్ చిట్లుతుంది. గాలి రంధ్రాలు పైన కాకుండా పక్కన, సన్నగా ఉండాలి. మన గోడల మీద బల్లులకీ, వానాకాలం చీమలకీ వెచ్చటి డబ్బా ఇష్టమైన చోటు. వాడని ఆప్టికల్ సాకెట్‌కి దాని రబ్బరు మూత పెట్టే ఉంచండి. డాక్‌ను సెట్ టాప్ బాక్సు నెత్తిన పెట్టకండి, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుంది.

పెట్టె ఇంటికి వచ్చాక వాపసు గడువు అయ్యేలోపు ఈ పరీక్షలు ఒకే సాయంత్రం చేయొచ్చు. వాల్యూమ్ మామూలుగా వినేచోట పెట్టి, పాట ఆపి, స్పీకర్‌కి చెవి జానెడు దూరంలో పెట్టి మోత, బుస వినండి. టీవీలో యూట్యూబ్ నుంచి ఓటీటీకి, ఓటీటీ నుంచి వార్తల ఛానల్‌కి మారండి, మారేటప్పుడు టక్ మనకూడదు, వార్తల మొదటి మాట మింగేయకూడదు. ఫోను, ల్యాప్‌టాప్ రెండింటితోనూ పెట్టి అంకె 44.1, 48 మధ్య మారుతోందా చూడండి. చివరగా యాంప్లిఫయర్ వాల్యూమ్ తగ్గించి, పాట నడుస్తుండగానే ఎక్స్‌టెన్షన్ బోర్డు స్విచ్ ఆపి, ఐదు సెకన్లాగి మళ్ళీ వేయండి. మూడుసార్లు చేయండి, మూడోసారి ఒక్క సెకనే ఆగి వేయండి, ఇన్వర్టర్ మారేటప్పుడు జరిగేది అదే. టప్ మన్నా, వాల్యూమ్ ఎగబాకినా, వేరే ఇన్‌పుట్‌తో లేచినా, లోపల ఏ చిప్ ఉన్నా సరే, ఆ పెట్టెను తిరిగి పంపేయండి.